రక్తం తీసే ముందు

హోల్ జీనోమ్ సీక్వెన్సింగ్, అంటే మొత్తం డీఎన్ఏను చదివే పరీక్ష, అనగానే తల్లిదండ్రుల ముఖాల్లో ఒక ధీమా కనిపిస్తుంది. ఎంఆర్ఐ అయింది, రక్తపరీక్షలన్నీ అయ్యాయి, బిడ్డ జబ్బుకు కారణం ఇందులో మాత్రం తేలిపోతుందని. జెనెటిక్ కౌన్సెలర్‌గా నేను ఆ ఆశను తుంచను. కానీ 300 కోట్ల అక్షరాలు చదివాక కూడా కారణం దొరకని పిల్లలు చాలామంది ఉన్నారని ముందే చెబుతాను. ప్రతి మనిషిలోనూ ప్రామాణిక జీనోమ్‌తో పోలిస్తే 40, 50 లక్షల తేడాలుంటాయి. వాటిలో కొన్ని జబ్బు తెచ్చేవో కావో ఇప్పటికి ఎవరూ తేల్చలేరు. అలాంటిది రిపోర్టులో వస్తే, దాన్ని మాత్రమే పట్టుకుని తర్వాతి గర్భం విషయంలో నిర్ణయం తీసుకోవద్దని గట్టిగా చెబుతాను.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. బిడ్డ రక్తంతో పాటు తల్లిదండ్రుల రక్తమూ కావాలనగానే, వెంట వచ్చిన అత్తగారు "మా వైపు ఇలాంటిది ఎవరికీ లేదండీ" అంటారు. కోడలు తలదించుకుంటుంది. నా సమయంలో ఎక్కువ భాగం ఇక్కడే ఖర్చవుతుంది, అవ్వాలి కూడా. మేనరికాలున్న మన ఇళ్లలో తరచూ కనిపించే రకం జబ్బులు, ఒక జన్యువుకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చే రెండు ప్రతులూ చెడితేనే వస్తాయి. ఒక్కటే చెడినవాళ్లు ఆరోగ్యంగా ఉంటారు. అందుకే తరాలపాటు ఎవరికీ తెలియదు. తల్లిదండ్రులిద్దరూ అలాంటివాళ్లయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ముప్పు ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదనుకోవడానికి లేదు. మరికొన్ని మార్పులు అమ్మానాన్నలిద్దరిలోనూ ఉండవు, బిడ్డలోనే కొత్తగా పుడతాయి. అలాంటి కొత్త మార్పులు కొన్ని పదులు మనందరిలోనూ ఉన్నాయి. ఈ మాట అత్తగారు వినేలా చెప్పాలి. రిపోర్టు వచ్చాక చెబితే అప్పటికే ఇంట్లో తీర్పు అయిపోయి ఉంటుంది.

వెతకనివి కూడా బయటపడతాయి. బిడ్డ మూర్ఛకు కారణం వెతుకుతుంటే తల్లిలో బీఆర్‌సీఏ1 మార్పు, అంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు కనిపించవచ్చు. ఇలా చెప్పదగ్గ జన్యువులంటూ అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర నిపుణుల సంస్థ 2013లో 56 పేర్లతో జాబితా ఇచ్చింది, ఇప్పుడది 80 దాటింది. తెలుసుకోవాలా వద్దా అన్నది ఆ తల్లి ఇష్టం. కానీ ఆ ఇష్టం రక్తం ఇవ్వకముందే, తొందర పెట్టకుండా అడగాలి. ముగ్గురి జీనోమ్‌లూ పోల్చినప్పుడు బంధుత్వాల నిజాలూ తెలిసిపోవచ్చు. ఈ సంగతి దంపతులకు మాత్రమే, పెద్దవాళ్లను బయట కూర్చోబెట్టి చెప్పాలి. ఇబ్బందిగా ఉందని దాటేసే డాక్టర్లున్నారు. అది తప్పు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ పరీక్ష రాస్తే, అంగీకార పత్రాన్ని తెలుగులో వివరించమని అడగండి. ఏమీ తేలకపోతే తర్వాతేమిటో అడగండి. రిపోర్టుతో పాటు అసలు డేటా కూడా తీసుకుని దాచుకోండి. ఈ రోజు అర్థంకాని మార్పు కొన్నేళ్లకు అర్థం కావచ్చు, అదే డేటాను మళ్లీ విశ్లేషించడానికి బిడ్డకు ఇంకోసారి సూది గుచ్చక్కర్లేదు.