మక్కా మసీదు: ఇటుక కీర్తి, రాతి సాక్ష్యం

హైదరాబాదు మక్కా మసీదును గురించి రాసేవారిలో చాలామంది ఇటుకతోనే మొదలుపెడతారు. మక్కా మట్టితో చేసిన ఇటుకలను నడిమి కమానులో పొదిగారనీ, ఆ పేరు అందువల్లనే వచ్చిందనీ ప్రతీతి. ఆ భక్తిభావాన్ని కాదనవలసిన పని లేదు. అయితే కొన్ని ఇటుకలను స్మరించి, కట్టడమంతటినీ మోస్తున్న రాయిని విస్మరించడం న్యాయమేనా?

ఆ రాయి ఈ నేలదే. సుమారు 250 కోట్ల ఏళ్లనాటి దక్కను గ్రానైటు అది. ముహమ్మద్ కుతుబ్ షా (1612–1626) కాలంలో మొదలైన నిర్మాణం, 1687లో గోల్కొండ పతనమైన పిమ్మట ఔరంగజేబు హయాంలో పూర్తయింది. పని సాగుతుండగా చూసిన ఫ్రెంచి యాత్రికుడు తవర్నియే, ఒక్క పెద్ద రాతిని గనినుండి వేరుచేయడానికే ఐదేళ్లు పట్టిందనీ, దాని తరలింపుకు 1400 ఎడ్లను వినియోగించారనీ రాశాడు.

ఆగ్రా, ఢిల్లీ మసీదులతో పోల్చి దీనిని అలంకారం కొరవడిన కట్టడమనే విమర్శ కూడ సరియైనది కాదు. ఎర్ర ఇసుకరాయి ఉలికి సులభంగా లొంగుతుంది, గ్రానైటు లొంగదు. కనుకనే 1591 నాటి చార్మినారులో లతలనూ పువ్వులనూ సున్నపు గచ్చులో తీర్చారు. మక్కా మసీదులో రాతిని రాతిగానే నిలిపి, చెక్కడాన్ని పొదుపుగా వాడారు. ఇది లేమి కాదు, రాతి గుణమెరిగిన వివేకం. ఆ విద్యకు ఈ గడ్డపై పూర్వపరంపర కలదు. ఓరుగల్లులోని కాకతీయ తోరణాలే అందుకు సాక్ష్యం.

'మస్జిద్' అనే అరబీ పదానికి సజ్దా చేసే చోటు అని అర్థం. ఆ చోటు ఏ దేశపు రాతితో కట్టాలన్న నియమమేదీ అందులో లేదు. మన ధర్మం హిజాజ్ నుండి వచ్చింది. మన మసీదు తెలుగు కొండల రాతితో లేచింది. ఈ రెండవ మాటను మన పుస్తకాలు చెప్పకపోతే, మనం ఈ నేలకు పరాయివారమనే అపవాదుకు మనమే బలమిచ్చినవారమవుతాము.

ఇది పుస్తకాలతో తీరే విషయం కాదు. ఊళ్లలోని పాత రాతి మసీదులకు మరమ్మతు పేరిట సిమెంటు పూసి, రంగులు వేస్తున్నారు. సున్నంతో కట్టిన గోడలోని తేమను సిమెంటు బయటికి పోనీయదు. గోడ లోలోపల దెబ్బతింటుంది. కుతుబ్ షాహీ సమాధుల వద్ద 2013లో మొదలైన పునరుద్ధరణలో, గతంలో పూసిన సిమెంటును తొలగించి మళ్లీ సున్నమే వాడారు. మసీదు కమిటీలు పని మొదలుపెట్టేముందు సున్నపు పని తెలిసిన మేస్త్రీలను సంప్రదించడం అవసరం.