బస్సు వచ్చేలోగా

"కాస్త ఈ బ్యాగు చూస్తూ ఉంటారా అమ్మా, ఇప్పుడే వచ్చేస్తాను." ఏ బస్టాండులోనైనా కాసేపు కూర్చుంటే ఈ మాట చెవిన పడుతుంది. అడిగిన మనిషికీ, సరేనన్న మనిషికీ ముందూ వెనకా పరిచయం ఉండదు. పేరు తెలియదు, ఊరు తెలియదు. అయినా బట్టలు, మందులు, ఒక్కోసారి డబ్బు కూడా ఉన్న సంచిని అప్పగించి వెళ్తారు. తిరిగొచ్చేసరికి చాలాసార్లు అది అక్కడే ఉంటుంది.

ఆ నమ్మకం ఊరికే పుట్టదు. అడగబోయే మనిషి అప్పటికే చుట్టుపక్కల వాళ్లందరినీ ఓ కంట కనిపెట్టి ఉంటుంది. పిల్లల్ని వెంటబెట్టుకున్న తల్లిని అడుగుతారు. వయసు మళ్లిన దంపతుల్ని అడుగుతారు. బోలెడు సామాను చుట్టూ పెట్టుకున్నవాళ్లనైతే ఇంకా ధైర్యంగా అడుగుతారు, వాళ్లు ఉన్నపళంగా లేచిపోలేరు కదా. చేతిలో ఏమీ లేకుండా ఒంటరిగా నిలబడ్డ కుర్రాణ్ని మాత్రం అడగరు, అతనెంత మంచివాడైనా సరే. ఇదంతా ఎవరూ నేర్పింది కాదు. అక్కడున్న అందరూ అందర్నీ చూస్తూనే ఉంటారు. మనిషి మనిషిని చూసి బేరీజు వేసుకోవడం మీదే బస్టాండు నడుస్తుంది.

విజయవాడ పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో బస్సు కోసం కూర్చున్న గంటలు నాకెప్పుడూ దండగ అనిపించలేదు. తెలియని మనుషుల్ని చూడటం కాలక్షేపమని చాలామంది అనుకుంటారు. నేను దాన్ని సాధనగానే పట్టుకున్నాను. సంగీతం నేర్చుకునేవాళ్లకు రోజూ కొంతసేపు గొంతు విప్పడం ఎంత అవసరమో, మనుషుల గురించి రాసేవాళ్లకు ఇదీ అంతే.

దీనికీ ఒక పద్ధతి ఉంది. మొదటిది, ముఖం కంటే ముందు చేతుల్ని చూడాలి. నలుగురిలో ఉన్నప్పుడు ముఖాన్ని మనిషి కాస్త సర్దుకుని కూర్చుంటాడు. చేతుల సంగతి మర్చిపోతాడు.

సంక్రాంతి సెలవులు అయిపోగానే మా బస్టాండు హాస్టల్ పిల్లలతో నిండిపోతుంది. ఇంటర్ చదువులకు విజయవాడ వచ్చే పిల్లలు, దింపడానికి వచ్చిన తల్లిదండ్రులు, పెట్టెలు, బకెట్లు, పచ్చడి సీసాలు. ఈ ఏడాది ఒక తండ్రీ కూతుళ్లు నా ఎదుటి బెంచీ మీదే కూర్చున్నారు. ఆయన తెల్లచొక్కా భుజం దగ్గర బస్సు కిటికీ మట్టి అంటుకుని ఉంది. సిటీ బస్సు కోసం చూస్తున్నట్టున్నారు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆయన చెయ్యి మాత్రం ఊరుకోవడం లేదు. ట్రంకుపెట్టె తాళాన్ని లాగి చూశాడు. కాసేపాగి మళ్లీ లాగాడు. అరిసెల డబ్బాకు కట్టిన తాడు విప్పి, ఇంకాస్త బిగించి ముడేశాడు. తర్వాత చొక్కా లోపలి జేబులోంచి మడత నోట్లు తీసి అమ్మాయి చేతిలో కుక్కబోయాడు. "నా దగ్గరున్నాయి నాన్నా, నువ్వుంచుకో" అంది. ఆయన వినలేదు. ఆ పిల్ల నోట్లను అలాగే గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది, బ్యాగులో వేసుకోలేదు. బస్సొచ్చింది. పెట్టె ఎక్కిస్తూ ఆయన అన్నది ఒక్కటే మాట, "వేడినీళ్లు తాగమ్మా." ఆ తాళం ఎన్నిసార్లు లాగినా ఊడేది కాదని ఆయనకూ తెలుసు. వెళ్లొద్దని అనలేని మనిషి చెయ్యి తాళం మీదికి పోయింది. ముఖం చూస్తూ కూర్చుని ఉంటే నాకు ఆయనలో కనిపించేది అలిసిపోయిన ఓ రైతు, అంతే.

అసలు ఆయన రైతో కాదో కూడా నాకు తెలియదు. ఈ సాధనలో ఉన్న కష్టం అదే. చూసినదాని చుట్టూ కథ అల్లేయడానికి మనసు ఉవ్విళ్లూరుతుంది. గుండు చేయించుకున్న మనిషి కనిపిస్తాడు. తిరపతి మొక్కు తీర్చుకుని వస్తున్నాడా, తండ్రి కర్మకాండ ముగించుకుని వస్తున్నాడా? చేతిలో లడ్డూ సంచి ఉంటే సగం జవాబు దొరికినట్టే. లేకపోతే? ఊహించి నింపేయడం తేలిక. నింపిన క్షణం నుంచి ఆ మనిషి మనకు కనబడడు, మన ఊహే కనబడుతుంది. తెలిసినంత చూసి, తెలియనిదాన్ని తెలియనిదిగానే ఉండనివ్వాలి. రచయితలకు ఇది మరీ అవసరం. రావిశాస్త్రి విశాఖలో ప్లీడరుగా ఉండి కోర్టుకొచ్చే బీదాబిక్కీని దగ్గరగా చూశారు, విన్నారు. 'ఆరు సారా కథలు'లో మనుషులు అంత నిజంగా మాట్లాడుతున్నారంటే, వాళ్ల నోట్లో తన మాట పెట్టే తొందర ఆయనకు లేకపోబట్టేనని నా నమ్మకం.

ఏళ్ల తరబడి ఒకే చోట చూస్తే కాలం మారడం కూడా కంటికి ఆనుతుంది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, మన ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక చాలా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ల ప్రయాణం ఉచితమైంది. దాని ఖర్చు గురించి, లాభనష్టాల గురించి పేపర్లలో చాలా రాశారు. నాకు కనిపించింది చిన్న విషయం. ఇదివరకు టికెట్ అనగానే పెద్దావిడలు కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెట్టుకునేవాళ్లు. ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఆధార్ కార్డు తీస్తున్నారు. ఆ జీరో టికెట్టును మాత్రం అదే కొంగున ముడేసుకుంటున్నారు. కొడుకో అల్లుడో వెంట లేకుండా, ముగ్గురు నలుగురు కలిసి, నవ్వుకుంటూ బస్సెక్కే అరవై ఏళ్ల ఆడవాళ్లు నాకు మునుపు ఇంతమంది కనబడేవారు కాదు.

కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపడం మాత్రం మారలేదు. కర్చీఫో, తువ్వాలో, నీళ్ల సీసానో, ఏదైనా చెల్లుతుంది. ముక్కూ మొహం తెలియని మనిషి గుడ్డముక్కకు ఇంకో మనిషి ఇచ్చే ఆ గౌరవం ఏ చట్టంలోనూ లేదు. అప్పుడప్పుడు గొడవలవుతాయి, నిజమే. కానీ గొడవ పడేవాళ్లు కూడా "నేను ముందు కర్చీఫ్ వేశాను" అనే అంటారు, ఆ కట్టుబాటు చెల్లదని ఎవరూ అనరు.

ఇలా చూడటాన్నే పనిగా పెట్టుకున్న విలియం వైట్ అనే ఆయన అమెరికాలో, 1970లలో న్యూయార్క్ నగర కూడళ్లలో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ కూర్చుంటున్నారో, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నారో ఓపిగ్గా గమనించాడు. 1980లో పుస్తకం వేశాడు. జనం కూర్చునే వీలున్న చోట కూర్చుంటారనీ, జనాన్ని అన్నిటికంటే ఎక్కువగా లాగేది తోటి జనమేననీ తేల్చాడు. కుర్చీ కదిలేదైతే అవసరం లేకపోయినా మనిషి దాన్ని కాస్త జరుపుకునే కూర్చుంటాడని కూడా రాశాడు. మన ఫంక్షన్ హాళ్లలో ప్లాస్టిక్ కుర్చీల దగ్గర చూడండి, అచ్చం అంతే. జనాన్ని లాగేది జనమేనన్న సంగతి మన ఊళ్లు కట్టిన పెద్దలకు ముందే తెలుసు. వీధి వైపు అరుగు, రావిచెట్టు చుట్టూ రచ్చబండ, అన్నీ వచ్చేపోయేవాళ్లను చూడటానికి వీలుగా కట్టినవే. ఇప్పుడు బస్టాండుల్లో వేయిస్తున్న ఇనుప కుర్చీలు చాలావరకు ఒకే దిక్కుకు, సినిమా హాల్లో లాగా వరసకట్టి ఉంటున్నాయి. ముందు కూర్చున్నవాళ్ల తలవెనక భాగం తప్ప ఏమీ కనబడదు. కొత్త బస్టాండు కట్టేవాళ్లు కనీసం కొన్ని బెంచీలైనా ఎదురెదురుగా వేయిస్తే బాగుంటుంది.

ఎదురుచూపుకు నేను చూసినవాటిలో గొప్ప చోటు తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్. లోపలికి వెళ్లేముందే ఫోన్లు డిపాజిట్ చేసేస్తాం కాబట్టి కంపార్ట్‌మెంట్‌లో తల దించుకోవడానికి ఏమీ ఉండదు. మొదట్లో అందరూ బిగుసుకుని కూర్చుంటారు. పాలు వచ్చేసరికి పక్కవాళ్ల పిల్లకు గ్లాసు పట్టివ్వడం మొదలవుతుంది. కాసేపటికి ఆ పిల్ల ఎవరి బిడ్డో చెప్పలేనంతగా ఒళ్లు మారుతుంది. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఏం మొక్కుకున్నారు, అన్నీ బయటికొస్తాయి. గేటు తీయగానే ఒకటే పరుగు. వీడ్కోలు కూడా చెప్పుకోరు.

చూడటానికీ ఒక హద్దుంది. మన చూపు బరువు ఎదుటివాళ్లకు తెలిసిందంటే అప్పటికే హద్దు దాటాం. ఒంటరిగా కూర్చున్న ఆడపిల్ల చున్నీ సర్దుకుందంటే, ఫోను చెవికి ఆనించి ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తుందంటే, ఎవరి చూపో ఆమెను ఇబ్బంది పెడుతోందని అర్థం. అప్పుడు మగవాడు చేయవలసింది కళ్లు తిప్పుకోవడం, వీలైతే చోటు మారడం. ఇంకో మాట. నిద్రలో నోరు తెరిచిన ముసలాయన్నీ, ఏడుస్తున్న తల్లినీ ఫోన్లో తీసి రీల్స్‌లో పెట్టడం దొంగతనంతో సమానం. బస్టాండులో కునుకు తీసిన పాపానికి ఆ మనిషి ఊరందరికీ నవ్వులాట కావాలా? కళ్లతో చూసింది మనలో ఉంటుంది, మెల్లగా మనల్ని మారుస్తుంది. కెమెరాతో తీసింది వాళ్లకే తిరిగి తగులుతుంది.

ఈ వారం మీరూ ఎక్కడో ఒకచోట ఎదురుచూస్తారు. పెద్దాసుపత్రి ఓపీ లైనులో, రేషన్ దుకాణం ముందు, సాయంత్రం బడి గేటు దగ్గర. ఆ కాసేపూ ఫోను జేబులో పెట్టి ఒక్క జత చేతుల్ని గమనించండి. చూసింది చూసినట్టు నాలుగు వాక్యాల్లో రాసి ఈ కాలమ్‌కు పంపండి. పేర్లు వద్దు, ఫొటోలు వద్దు.