ఉపభోగదోషము

లోకులు దోషమని యెఱిగి గర్హించునవి కొన్ని. దోషమని తోపకయే కన్నులయెదుట సాగిపోవునవి కొన్ని. మొదటివానికి చట్టము కలదు, న్యాయస్థానము కలదు, వార్తాపత్రిక కలదు. రెండవవానికి అలవాటు అనుటకంటె వేఱు పేరు లేదు. పోలీసు అధికారులు ప్రభుత్వవాహనమును సొంతపనులకు వాడుకొనుట యీ రెండవ తెగలోనిది. ఉదయము ఆ జీపు బిడ్డలను బడికడ దింపును. మధ్యాహ్నము ఇంటికి కూరగాయలు తెచ్చును. సాయంకాలము కుటుంబమును పెండ్లికి గొనిపోవును. రాత్రి యథాప్రకారము ఠాణా ముందు నిలుచును. బండి ఎక్కడికిని పోలేదు, ఎవరును దానిని అమ్ముకొనలేదు. ఇక పోయినదేమని యడుగువారే మనలో పెక్కండ్రు. పోయినదేమో చూపుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ ప్రశ్న మన ప్రాచీనులకు తోపకపోలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోశము క్షయించుటకు ఎనిమిది కారణములను లెక్కించెను. వానిలో కడపటిది అపహారము, అనగా దొంగతనము. దానితో కలిపివేయక, ఉపభోగమను దానిని వేఱుగా చెప్పెను. రాజద్రవ్యమును అధికారి తాననుభవించుటయు, ఇతరులచే అనుభవింపజేయుటయు ఉపభోగము. శిక్షలను సయితము వస్తువునుబట్టి విధించెను: రత్నముల ననుభవించినవానికి వధ; విలువగల వస్తువుల ననుభవించినవానికి మధ్యమసాహసదండము; అల్పవస్తువులైనచో ఆ వస్తువును, దానికి సమానమైన దండుగను. ఆ కఠినశిక్షలను మనమిప్పుడు కోరము. కాని యాతని సూక్ష్మదృష్టి గమనింపదగినది. వస్తువు తిరిగి యింటికి చేరినంతమాత్రమున దోషము తొలగదనియు, అధికారి కూర్చుండక ఆయన కుటుంబము కూర్చుండినను దోషము తగ్గదనియు రెండువేల యేండ్ల క్రిందటి గ్రంథమే తేల్చినది.

డీజిలు లెక్క చెప్పి, లీటరు వెల కట్టి, ఇంతేకదా యనుట పొరపాటు. డీజిలు ధర తిరిగి కట్టవచ్చును. పోయిన గడియను తిరిగి కట్టలేము. ఇందుకు మా మెట్టప్రాంతమే నిదర్శనము. ఒకప్పటి కృష్ణామండలములోనివై 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన నందిగామ, జగ్గయ్యపేటలు రెండును హైదరాబాదు-విజయవాడ జాతీయరహదారిని ఆనుకొనియున్నవి. రేయింబవళ్లు లారీలును బస్సులును తెగని ధారగా ప్రవహించు బాట యిది. ఒకవైపు మున్నేరు, మఱియొకవైపు పాలేరు. 2023 జులై మాసాంతమున మున్నేరు పొంగి నందిగామ సమీపమున ఐతవరము కడ రహదారిపై పాఱగా రాకపోకలు స్తంభించెను. 2024 సెప్టెంబరు ఆరంభమున పాలేటి వఱద గరికపాడు కడ వంతెనను దెబ్బతీసెను. ఇట్టి సీమలో ఠాణా బండి యనునది అలంకారము కాదు. దారిమీద నెత్తురోడుచు పడియున్నవానికి, వఱదనీటి నడుమ చిక్కినవానికి, అర్ధరాత్రి తన్నులు తిని తలుపు మూసికొని ఫోను చేయు ఇల్లాలికి అది మొదటి దిక్కు. ఆ బండి పెండ్లిపందిరి ముందు నిలిచిన గడియలోనే పిలుపు రావచ్చును. వచ్చినదో రాలేదో ఏ చిట్టాలోను వ్రాయబడదు. కావుననే యీ నష్టము మనకు కనబడదు; కనబడదు గనుక లేదనుకొందుము. ఈ రెండు పట్టణములవారిని వేలెత్తి చూపుటకు నేనీ మాట వ్రాయుటలేదు. దోషము దేశమంతటను ఉన్నది. నష్టమెంతటిదో చూపుటకు ఎఱిగిన బాటను చూపితిని.

రెండవ నష్టము బండి నడుపువానిది. కానిస్టేబులు యూనిఫాము ధరించినది శాంతిరక్షణమునకు. కూరలసంచి మోయుటకు కాదు. అధికారి బిడ్డకొఱకు బడిగేటు కడ వేచియుండువాడు మనసులో నేర్చుకొను పాఠమేది? ఆజ్ఞ ధర్మమునుండి కాక దొరతనమునుండి పుట్టుననుట. ఆ పాఠమునే యతడు మరునాడు బీదవాని యెడల ఒప్పజెప్పును. పోలీసు అధికారుల యిండ్లలో ఆర్డర్లీలుగా భటులను వాడుకొను పద్ధతిని నాలుగు నెలలలో రూపుమాపవలెనని 2022 ఆగస్టులో మద్రాసు ఉన్నతన్యాయస్థానము తమిళనాడు ప్రభుత్వమును ఆదేశించెను. ఆర్డర్లీయు, సొంతపనికి పోవు జీపును ఒక్క తల్లి బిడ్డలే.

కొందఱిట్లు చెప్పవచ్చును: పోలీసు అధికారికి పగలు లేదు, రాత్రి లేదు, పండుగనాడు ఇంట నుండడు, బిడ్డ జ్వరమున పడియున్నను బందోబస్తునకు పోవలెను, దారిలో బిడ్డను బడికడ దింపినంత మాత్రమున కొంప మునుగునా? ఈ మాటలో సత్యము లేకపోలేదు. ఆ కష్టమునకు నేనును తలయొగ్గుదును. కాని కష్టమునకు పరిహారము సెలవు, భత్యము, పనిగంటల నియమము. ఎవరి యనుమతియు లేక పుచ్చుకొను సొమ్ము కాదు. తప్పనిసరియైనచో దానికిని మార్గము కలదు. కేంద్రప్రభుత్వపు స్టాఫుకార్ల నిబంధనలు కొందఱు పెద్ద అధికారులకు సొంతవాడుకను మితముగా అనుమతించి, అందులకు సొమ్ము కట్టించుకొనును. కిలోమీటర్లు వ్రాసి, రుసుము చెల్లించినవాడు తలయెత్తుకొని తిరుగవచ్చును. వ్రాయక వాడుకొనువాడును, సొంతప్రయాణమును తనిఖీ యని వ్రాసికొనువాడును ఆ కష్టమును సాకుగా చెప్పతగరు. రెండవవాని యెడల ఉపభోగమునకు అసత్యమును తోడైనది.

ఇందు మన సాహిత్యమునకును కొంత బాధ్యత కలదు. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనీ పత్రికను స్థాపించి, న్యాయస్థానములలోని లంచగొండితనమును వెఱపులేక బయటపెట్టిరి. 1897లో అచ్చయిన కన్యాశుల్కమున గురజాడవారు హెడ్డు కనిస్టీబును రంగముపై నిలిపి నవ్వించిరి. తరువాతి మన హాస్యము చాలవఱకు ఆ మెట్టుకడనే ఆగినది. నాలుగు రూపాయలు పుచ్చుకొను భటుని జూచి నవ్వుట సులభము. నవ్వినవానికి భయము లేదు. జీపులో వెనుక కూర్చున్నవానిని గూర్చి వ్రాయుటకు కలము జంకును. సంస్కారమునకై వ్రాయు కలము క్రింది మెట్టును మాత్రమే ఊడ్చినచో, పై మెట్లనుండి దుమ్ము మరల రాలకుండునా?

ప్రజలమైన మనమును నిర్దోషులము కాము. జీపు దిగిన యింటికి మర్యాద హెచ్చునని మనమే తలతుము. పెండ్లియింట ప్రభుత్వవాహనము నిలిచినచో గృహస్థుని ముఖము వికసించును. ఎఱ్ఱదీపముల వాడుకను 2013లో సుప్రీంకోర్టు కుదించెను. 2017 మే 1 నుండి కేంద్రప్రభుత్వము ఎల్ల అధికారుల కార్లనుండియు వానిని తొలగించెను. కప్పుపై దీపము దిగినది గాని, చూచువారి మనసులలోని దీపము ఇంకను ఆఱలేదు. తనదానికిని ప్రభుత్వముదానికిని నడుమ గీత చెరిగినచోట, అది ఒకవైపుననే చెరగదు. 2022 ఏప్రిల్‌లో ఒంగోలులో, తిరుమలకు పోవుచున్న కుటుంబమును దారిలో దింపి, వారి కారును ముఖ్యమంత్రి పర్యటనకై గొనిపోయిరి. సంబంధించిన ఉద్యోగులు తరువాత సస్పెండు చేయబడిరి. ప్రభుత్వపు బండి మాయింటిదే యనుకొనుటకును, పరుల బండి ప్రభుత్వపుదే యనుకొనుటకును మూలమొక్కటే.

చికిత్స క్రొత్తది కానక్కఱలేదు. ప్రతి ప్రభుత్వవాహనమునకును లాగ్‌బుక్కు ఉండవలయును. బయలుదేరిన వేళ, చేరిన చోటు, తిరిగిన దూరము, పోయిన పని అందు వ్రాయవలయును. పుస్తకము లేక కాదు, చూచువారు లేకయే యది నిద్రించుచున్నది. పై అధికారి నెలకొకమారు దానిని మీటరుతో సరిపోల్చిన చాలును. 2005 నాటి సమాచారహక్కు చట్టముక్రింద దాని నకలును పౌరుడు కోరవచ్చును. రహస్యపరిశోధనకు సంబంధించిన పుటలను విడిచి తక్కినవానిని చూపుటకు జంకెందులకు? వీనికంటె ముఖ్యమైనది యింటిలోని సంస్కారము. ఈ బండి మనది కాదని అధికారి బిడ్డకు ఒక్కమారు చెప్పినచో, లాగ్‌బుక్కు చేయలేని పని ఆ మాట చేయును.

జగ్గయ్యపేట చెంత ధనంబోడు కలదు. అచ్చటి బౌద్ధస్తూపమును 1882లో బర్గెస్ దొర త్రవ్వించెను. అందు దొరికిన చక్రవర్తి శిల్పము లోకప్రసిద్ధము: చక్రము, ఏనుగు, గుఱ్ఱము మొదలగు సప్తరత్నముల నడుమ రాజు చేయెత్తి నిలిచియుండగా ఆకాశమునుండి నాణెములు వర్షించుచుండును. బౌద్ధుల చక్రవర్తిసూత్రములో ఒక ముసలిరాజు కొడుకునకు చెప్పిన మాట యీ శిల్పమును చూచినప్పుడెల్ల తోచును. ఆ చక్రము తండ్రి యాస్తిగా సంక్రమించునది కాదు. ధర్మము నడపువానికడనే నిలుచును. ధర్మము తప్పిన దిగజారును. వాహనము పదవిది, పదవి ధర్మముది. ఈ మాటను రెండువేల యేండ్లుగా ఒడిలో దాచుకొన్న సీమ మనది. ఠాణా ముందరి జీపును చూచినపుడు మనము దానిని తలంచుకొందుము గాక. అందు కూర్చుండువారును తలంచుకొందురు గాక.