చక్రం వెనక నల్లచుక్క

నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్నరైలుకు పట్టాల మధ్య ఎడం 762 మిల్లీమీటర్లు. 87వ వంతుకు కుదిస్తే 9 మిల్లీమీటర్లకు వెంట్రుకవాసి తక్కువ. మోడల్ రైళ్లలో 9 మిల్లీమీటర్ల పట్టా ఎప్పటినుంచో ఉన్నదే. నౌపడ ఉప్పుమళ్లనూ తెంబూరునూ పాతపట్నాన్నీ ఒక బల్ల మీదికి ఎక్కించడానికి ఇంతకన్నా శుభశకునం ఏం కావాలి! దూరాన్ని మాత్రం కత్తిరించక తప్పదు. నలభై కిలోమీటర్లు కుదించినా 460 మీటర్లు; ఏ ఇంట్లో పడుతుంది?

బొగ్గు తిని, నీళ్లు తాగి నడిచిన బండి అది. బల్ల మీద దాని తిండి మారుతుంది. ఒక పట్టా ధనం, రెండోది ఋణం, నడుమ 12 వోల్టులు. ఆ కరెంటును మోసే పని రాగి టేపుది. బల్ల అడుగున తీగల చిక్కు ఉండాల్సిన చోట ఎర్రగా మెరిసే ఒక్క బద్ద, మలుపులో మడత పడి సాగిపోతుంది. అతుకుల దగ్గర జిగురును నమ్మకూడదు, సోల్డర్ పడాల్సిందే. సముద్రపు గాలికి రాగి పచ్చబడుతుంది గనక వార్నిష్ కూడా.

కర్బనపు పెయింటు గుణం వేరు. చదరానికి 55 ఓమ్‌ల అడ్డున్న రకంతో అయిదు మిల్లీమీటర్ల వెడల్పున పది సెంటీమీటర్ల గీత గీస్తే ఇరవై చదరాలు, 1,100 ఓమ్‌లు. దాన్ని నమ్ముకుంటే ఇంజను కదలనైనా కదలదు. అదే గీత చివర పాతపట్నం ప్లాట్‌ఫారం దీపంగా చిన్న ఎల్‌ఈడీ పెట్టండి: ఎనిమిది మిల్లీఆంపియర్లు, వేరే రెసిస్టరు అక్కర్లేదు. కుంచె పల్చగా సాగితే దీపం మసకేస్తుంది. ముగ్గేసే చేతి ఒడుపు వెలుతురై కనిపించడమంటే ఇదే.

అయినా నన్ను కట్టిపడేసేది గీత కాదు, చుక్క. బండి ఎక్కడుందో పట్టాలే చెప్పే ట్రాక్ సర్క్యూట్‌కు విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందాడు. ఇనుప ఇరుసు రెండు పట్టాలనూ కలుపుతుంది, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. నమూనాలో ఇరుసు అలా కలిపితే షార్టే. అందుకే చక్రానికీ ఇరుసుకూ మధ్య ప్లాస్టిక్ బుష్. దాంతో ఇంజనును వదిలి నిలబడ్డ గూడ్సు పెట్టె సర్క్యూట్ లెక్కలో లేనట్టే. అప్పుడు ఆ ప్లాస్టిక్ మీదుగా ఒక చుక్క నల్లటి కర్బనపు పెయింటు. ఆరనిచ్చి మీటరు పెట్టాలి; అడ్డు మరీ ఎక్కువుంటే ఇంకో పూత. పదివేల ఓమ్‌ల దగ్గర ఆగితే అందులోంచి పోయేది 1.2 మిల్లీఆంపియర్లు, పెట్టె జాడ తెలిసేంత. ఇనుముకు సహజంగా ఉండి కుదింపులో పోయిన గుణాన్ని ఒక చేతకాని వాహకం తిరిగి తెస్తోంది. కరెంటును ధారాళంగా పోనిచ్చే వెండి ఇంకు ఇక్కడ దండగ. ఆ చేతకానితనంలోనే ఉంది రసమంతా!

చుక్క చక్రం లోపలివైపు పడుతుంది గనక చూసేవాళ్ల కంటపడదు. కొందరు దాని మీద తుప్పు రంగు కూడా పూసేస్తారు. నాకది నచ్చదు. బండి తిప్పే ముందు పెట్టెను వెల్లకిలా తిరగేసి చూపించాల్సిన పనితనం అది.