చేతిపని సాక్ష్యం చెప్పినప్పుడు: హస్తకళల నేపథ్యంలోని అపరాధ పరిశోధన కథలు - ఒక పరిశీలన

ఆంగ్ల అపరాధ పరిశోధన సాహిత్యంలో 'కోజీ' అనే పేరుతో వ్యవహరించే శాఖ ఒకటి ఉంది. ఇందులో హత్య జరుగుతుంది కాని రక్తపాత వర్ణన ఉండదు. కథాస్థలం సాధారణంగా ఒకరినొకరు ఎరిగిన చిన్న ఊరు. పరిశోధన చేసేది పోలీసు ఉద్యోగి కాదు, ఆ ఊరి మనిషే, తరచుగా స్త్రీ. 1990ల నుంచి అమెరికాలో ఈ శాఖలో మరొక కొమ్మ విస్తారంగా పెరిగింది. దానిలో కథానాయిక ఊలు దుకాణమో, కుట్టుసామగ్రి అంగడో, జానపద కళల ప్రదర్శనశాలో నడుపుతూ ఉంటుంది. నేరం ఆ అంగడి గడపలోకి వచ్చి పడుతుంది. పుస్తకం చివర ఒక అల్లిక నమూనాయో వంటకమో అచ్చవుతుంది.

వీటిని కాలక్షేప సాహిత్యంగా పక్కన పెట్టడం విమర్శకులకు అలవాటు. చాలా పుస్తకాల విషయంలో ఆ తీర్పు అన్యాయం కాదు. దానికి చెప్పే కారణం మాత్రం పరిశీలనకు నిలవదు. అల్లికలూ కుట్లూ చోటుచేసుకోవడం వల్ల కథ తేలికపడిందని వారి అభిప్రాయం. నిజానికి ఈ కథలు పలచబడేది చేతిపని ఎక్కువై కాదు, తక్కువై. కళ కథాస్థలంలో ఉంటుంది, పాత్రల చేతుల్లో ఉంటుంది, శీర్షికలో ఉంటుంది. నేరాన్ని తేల్చే తర్కంలో ఉండదు. ఒక ప్రశ్న వేసుకుంటే తేడా తెలుస్తుంది: ఆ చేతిపని తెలియని మనిషి ఆ చిక్కును విప్పగలడా? విప్పగలిగితే అక్కడ కళ అలంకారం. విప్పలేకపోతే కళ జ్ఞానం. ఈ ప్రశ్నకు మొదటి గట్టి సమాధానం, ఈ కొమ్మ పుట్టడానికి చాలాకాలం ముందే, ఒక ఏకాంకికలో దొరుకుతుంది.

సూసన్ గ్లాస్పెల్ రాసిన 'ట్రైఫిల్స్' 1916 ఆగస్టులో మసాచుసెట్స్‌లోని ప్రావిన్స్‌టౌన్‌లో ప్రదర్శితమైంది. మరుసటి ఏడాది రచయిత్రి అదే ఇతివృత్తాన్ని 'ఎ జ్యూరీ ఆఫ్ హర్ పీర్స్' అనే కథగా మలిచింది. దీని వెనుక వాస్తవ ఘటన ఉంది. 1900 డిసెంబరులో అయోవా రాష్ట్రంలో జాన్ హోసాక్ అనే రైతు నిద్రలో గొడ్డలి దెబ్బలకు మరణించాడు. భార్య మార్గరెట్‌పై నేరం మోపారు. ఆ విచారణ వార్తలను ఒక దినపత్రికకు రాసిన యువ విలేఖరి గ్లాస్పెల్. కింది న్యాయస్థానం మార్గరెట్‌ను దోషిగా తేల్చగా రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది. 1903లో జరిగిన రెండో విచారణలో జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేకపోయింది. అంటే చట్టం ఆ కథను ముగించలేదు. పదమూడేళ్ళ తరువాత రచయిత్రి ముగించింది, తన పద్ధతిలో.

నాటకంలో గొడ్డలి లేదు, ఉరితాడు ఉంది. భర్త మెడకు తాడు బిగిసి చనిపోయాడు, భార్య మిన్నీ రైట్ జైలులో ఉంది. ఆమె రంగం మీదికి రాదు. షెరీఫ్, ప్రభుత్వ న్యాయవాది, పొరుగు రైతు ఇంటిని గాలిస్తారు. షెరీఫ్ భార్య మిసెస్ పీటర్స్, రైతు భార్య మిసెస్ హేల్ వంటింట్లో మిగిలిపోతారు. చలికి పగిలిన పళ్ళ మురబ్బా సీసాల గురించి జైలులో ఉన్న మిన్నీ దిగులుపడుతోందని విని మగవారు నవ్వుతారు. ఆడవారికి అల్పవిషయాలే పెద్దవని వారి ఉద్దేశం. నాటకం పేరు ఆ అల్పవిషయాలే. ఆపైన వారు మేడమీదికి, పశువుల కొట్టంలోకి వెళ్ళిపోతారు. సాక్ష్యం వంటింట్లో ఉంది.

అది ఒక బొంత. లాగ్ క్యాబిన్ నమూనాలో సగం కుట్టిన గుడ్డముక్కలు కుట్టుబుట్టలో ఉంటాయి. ఇద్దరు స్త్రీలు వాటిని చేతిలోకి తీసుకుంటారు. ముక్కలన్నిటా కుట్టు సమంగా, చక్కగా సాగి, ఒక ముక్కలో మాత్రం చెదిరిపోయి కనిపిస్తుంది. బొంత కుట్టడం తెలియనివారికి అది గుడ్డ. తెలిసినవారికి ఆ ముక్క కుట్టిన పూట ఆ చేయి వణికిందన్న సంగతి. నేరానికి ప్రేరణ ఏమిటన్న ప్రశ్నకు అక్కడి నుంచి దారి మొదలవుతుంది. అదే కుట్టుపెట్టెలో మెడ విరిగిన పాటపిట్ట పట్టుగుడ్డలో చుట్టి దొరకడంతో ముగుస్తుంది. పాత చీరలతో బొంతలు కుట్టే ఇళ్ళలో పెరిగిన తెలుగు పాఠకురాలికి ఇక్కడ అధోజ్ఞాపిక అవసరం లేదు. ఒకే బొంతలో తల్లి కుట్టు ఏదో, పిన్ని కుట్టు ఏదో చెప్పగలిగిన చూపే ఇదీ. న్యాయవాదికి లేనిది తెలివి కాదు, ఈ అక్షరజ్ఞానం.

ఈ ఘట్టంలో విమర్శ తగినంత ఆగని చోటు ఒకటి ఉంది. చెదిరిన కుట్టును గుర్తించిన మిసెస్ హేల్ ఊరుకోదు. దారం విప్పి, సూది తీసుకుని, ఆ ముక్కను తిరిగి చక్కగా కుట్టడం మొదలుపెడుతుంది. సాక్ష్యాన్ని చదవగలిగిన చేయే దాన్ని చెరపగలిగిన చేయి కూడా. చెరిపినట్టు తెలియకుండా చెరపడానికి నైపుణ్యం కావాలి, ఆ నైపుణ్యం చూసే పురుషులకు కనబడదు. ఆమె కుట్టుపని చేస్తోందని మాత్రమే వారికి కనబడుతుంది. చివరి మాట కూడా ఈ విద్యలోనిదే. బొంత పొరలను కుట్టుతో కలపవచ్చు, అక్కడక్కడ ముడులతోనూ కలపవచ్చు. మిన్నీ ఏ పద్ధతి తలపెట్టిందని న్యాయవాది వేళాకోళంగా అడుగుతాడు. ముడి అని మిసెస్ హేల్ జవాబిస్తుంది. భర్త మెడ చుట్టూ ఉన్నదీ ముడే. అతడు కుట్టుపని మాట విన్నాడు. ఆమె నేరాంగీకారం చెప్పింది. పిట్ట ఉన్న పెట్టె అప్పటికే ఆమె కోటు జేబులో ఉంది. అయోవాలో ఆనాడు స్త్రీలకు జ్యూరీలో కూర్చునే అర్హత లేదు. కథ శీర్షికలోని జ్యూరీ కుట్టుబుట్ట చుట్టూ కూర్చున్న ఈ ఇద్దరే.

అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ 1927లో ఒక చిన్నకథతోనూ, 1930లో 'ది మర్డర్ ఎట్ ది వికారేజ్' నవలతోనూ పాఠకులకు పరిచయమైంది. మొదటి కథ నుంచీ ఆమె చేతిలో అల్లిక ఉంది. ఈ తరహా నాయికలందరికీ ఆమెను మూలపుటమ్మగా చెప్పడం పరిపాటి. పోలిక పైపైనే. మార్పుల్ నేరాన్ని ఛేదించేది అల్లిక విద్యతో కాదు, తన ఊరి మనుషుల స్వభావాలతో కొత్త మనుషులను పోల్చి. అల్లిక ఆమెకు ముసుగు. ఊలు అల్లుకునే ముసలావిడ ఎదుట జనం జాగ్రత్త లేకుండా మాట్లాడతారు. గ్లాస్పెల్ కథలో పురుషుల చిన్నచూపు వారి ఓటమికి కారణమైతే, ఇక్కడ అదే చిన్నచూపు పరిశోధకురాలి పనిముట్టు. 1964 నాటి 'ఎ కరీబియన్ మిస్టరీ'లో కనిపించే గులాబీరంగు ఊలు 1971 నాటి 'నెమెసిస్'లో ఆమెకు గుర్తింపుచిహ్నంగా మిగలడం ఈ ముసుగు ఎంత స్థిరపడిందో చూపుతుంది. క్రిస్టీ ప్రతిభకు ఇందులో కొరత లేదు. కాని సూది సాక్ష్యం నుంచి వేషానికి మారింది, తరువాతి రచయితలు ఎక్కువగా అందుకున్నది ఈ వేషాన్నే.

అభిరుచి జ్ఞానంగా మిగిలిన మరొక ఉదాహరణ డొరొతీ సేయర్స్ నవల 'ది నైన్ టైలర్స్' (1934). ఇది కోజీ కోవలోకి పూర్తిగా రాదు. పోలికకు మాత్రం దీనికి మించినది లేదు. ఇంగ్లండ్ చర్చిలలో ఘంటలను రాగం కోసం కాక, వరుస మార్చి మార్చి మోగించే విద్య ఉంది. ఛందశ్శాస్త్రంలో ప్రస్తారం చదివినవారికి దీని గణితం కొత్తగా తోచదు. అక్కడ గురులఘువుల అమరికలు, ఇక్కడ ఘంటల వరుసలు. ఎనిమిది ఘంటలకు 40,320 వరుసలు సాధ్యం. నూతన సంవత్సర రాత్రి ఫెన్‌చర్చ్ సెయింట్ పాల్ అనే ఊళ్ళో తొమ్మిది గంటలసేపు ఈ వాదనం సాగుతుంది. జబ్బుపడిన ఒక వాదకుని స్థానంలో పరిశోధకుడు లార్డ్ పీటర్ విమ్సీ తాడు పట్టుకుంటాడు. తరువాత దొరికిన రహస్యలిపి ఒక ఘంట నడిచే క్రమాన్ని అనుసరిస్తేనే విడుతుంది. అంతకన్నా ముఖ్యం, ఘంటాగృహంలో బంధింపబడి ఉన్న మనిషి ఆ నాదం వల్లనే చనిపోయాడన్న నిజం. తాడు లాగినవారిలో విమ్సీ ఒకడు. ఆ విద్య తీసివేస్తే నవలలో చిక్కు లేదు, మరణం లేదు, పరిశోధకుని అంతరాత్మను కుదిపే బాధ్యత లేదు. ఘంటావాదనం ప్రధానంగా పురుషుల అభిరుచి కనుక దాన్ని అల్పవిషయమని ఎవరూ అనలేదన్నది వేరే సంగతి.

ఈ ప్రమాణంతో ఇటీవలి పుస్తకాలను చూస్తే ఫలితం మిశ్రమంగా ఉంటుంది. మోనికా ఫెరిస్ 1999లో ప్రారంభించిన సూదిపని కథల వరుసలో మొదటిది 'క్రూయెల్ వరల్డ్'. క్రూయెల్ అంటే ఊలుదారంతో చేసే ఒక రకం కుట్టుపని, ఉచ్చారణలో క్రూరత్వాన్ని సూచించే మాట కూడా. హత్యకు గురైన సోదరి దుకాణం బెట్సీ డెవన్‌షైర్ చేతికి వస్తుంది. ఊరు మినెసోటాలోని ఎక్సెల్సియర్. బెట్సీకి మొదట సూదిపని అంతగా రాదు. ఈ ఎంపిక తెలివైనది, ఎందుకంటే పాఠకురాలు ఆమెతోపాటు నేర్చుకుంటుంది. అదే వరుసలోని 'ఫ్రేమ్‌డ్ ఇన్ లేస్'లో సరస్సు అడుగు నుంచి లేపిన పాత పడవలో అస్థిపంజరం బయటపడుతుంది. దానితోపాటు దొరికిన లేసు ముక్క ఆనవాలు అవుతుంది. ఆ అల్లిక ఎవరి చేతిదన్న విచారణ జరిగినంత మేర ఫెరిస్ గ్లాస్పెల్ వంటింటికి చేరువగా వెళ్ళింది.

మ్యాగీ సెఫ్టన్ 'నిట్ వన్, కిల్ టూ' (2005)లో అంత బలం లేదు. నాయిక కెల్లీ ఫ్లిన్ వృత్తిరీత్యా లెక్కల నిపుణురాలు. హత్యకు గురైన పిన్నమ్మ ఇంటికి ఎదురుగానే ఊలు దుకాణం ఉంటుంది. అక్కడి ఊళ్ళ రంగులు, స్పర్శ, అల్లేవారి స్నేహం మనసుకు హత్తుకునేలా ఉంటాయి. ఒంటరి స్త్రీకి ఒక బృందం దొరకడం ఈ నవల నిజమైన ఇతివృత్తం. కెల్లీని కదిలించే అనుమానం మాత్రం పిన్నమ్మ చనిపోయేముందు తీసుకున్న అప్పు చుట్టూ తిరుగుతుంది. ఆ అప్పు ఎందుకని అడగడానికి సూది పట్టడం రానక్కరలేదు. చివర అచ్చయిన అల్లిక నమూనా కథలోని ఏ ముడినీ విప్పదు. ఆ విద్య పాఠకురాలి చేతికి చేరే మాట నిజమే, అది చిన్న విషయం కూడా కాదు. అయితే కథ అయిపోయాక చేరుతుంది.

అర్లీన్ ఫౌలర్ విషయంలో తీర్పు అంత సులువు కాదు. 'ఫూల్స్ పజిల్' (1994) మొదలు ఆమె బెన్నీ హార్పర్ నవలల పేర్లు బొంతల నమూనాల పేర్లే. 'మెరైనర్స్ కంపస్' 1999 సంవత్సరపు ఉత్తమ నవలగా అగాథా పురస్కారం పొందింది. కాలిఫోర్నియాలోని కల్పిత పట్టణం సాన్ సెలీనాలో బెన్నీ జానపద కళల ప్రదర్శనశాల నిర్వాహకురాలు. ఇక్కడ బొంత చాలావరకు ఆధారం కాదు, రూపకం. ముక్కలు కలిస్తే నమూనా తేలినట్టు కుటుంబాల గతం తేలుతుంది. రూపకం బలంగానే ఉంది. అయినా ఆసక్తికరమైన విషయం వేరొకటి. బెన్నీ ఆ పట్టణ పోలీసు అధిపతిని పెళ్ళాడుతుంది. మిసెస్ పీటర్స్ కూడా షెరీఫ్ భార్యే. ఆమెను చట్టాన్ని పెళ్ళాడిన మనిషిగా చూసి న్యాయవాది నిశ్చింతగా ఉంటాడు. ఆమె మౌనం వహించి అతణ్ణి ఓడిస్తుంది. బెన్నీ భర్తతో వాదిస్తుంది, అతని మాట కాదని పరిశోధిస్తుంది, కాని తెలుసుకున్నది చివరకు చట్టానికే చేరుతుంది. ఈ తరహా కథల్లో దాదాపు అన్నిటా జరిగేది ఇదే. స్త్రీకి తెలిసినదీ రాజ్యం శిక్షించదలచినదీ వేరు కావచ్చునన్న ఊహ అక్కడికి రాదు.

తెలుగు అపరాధ పరిశోధన నవలకు ఈ చర్చతో ఉన్న సంబంధం పరోక్షమైనది. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ వృత్తి డిటెక్టివ్, అతని సహాయకుడు రాజు. పరిశోధన వారికి ఉద్యోగం. ఇంటిపనిలో పుట్టే జ్ఞానానికి ఆ చట్రంలో చోటు తక్కువ. తెలుగు విమర్శ ఈ నవలలను లెక్కలోకి తీసుకున్న సందర్భాలు కొద్ది. తీసుకున్నప్పుడు కూడా ప్రశ్న ఉత్కంఠ గురించో, భాష గురించో, ప్రజాదరణ గురించో ఉంటుంది. కథలో ఎవరి జ్ఞానం సాక్ష్యంగా చెల్లింది, ఎవరిది చెల్లలేదు అన్న ప్రశ్న వేస్తే, వాకిట్లో ఒక చుక్క తప్పిన ముగ్గును చూసి ఇంట్లో ఏదో జరిగిందని పసిగట్టే పొరుగింటావిడ ఆ నవలల్లో ఎక్కడ ఉందో వెతకవలసి వస్తుంది. పోలీసుల ప్రశ్నలకు జవాబిచ్చే పనిమనిషిగానో, కథకు అడ్డుతగిలే వాగుడుకాయగానో ఆమె ఉండవచ్చు. ఆమె చూసింది ఏమిటో, చూసి ఎందుకు చెప్పలేదో ఆ కథ ఆమెను అడిగిందా అన్నది పుస్తకాలను ఒక్కొక్కటిగా తెరిచి చూడవలసిన విషయం.