ఏ ఆశ్వాసం? ఏ పద్యం?

సాక్ష్యం అంటే ఏమిటో పోడు పట్టాకు దరఖాస్తు పెట్టిన ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది దాని గురించే. సర్కారు కాగితం ఒక్కటే కాదు, పొలం గట్టు, బావి, శ్మశానం, దేవత ఉన్న చోటు, ఊరి పెద్ద చెప్పగా రాసుకున్న వాంగ్మూలం, అన్నీ సాక్ష్యాలే. ఒక్కటి చూసి ఊరుకోకుండా ఒకటికి మించి చూడాలని కూడా అందులోనే ఉంది. అందుకే గ్రామసభలో మనం “ఈ భూమి మాది” అని కేకవేసి కూర్చోం. గట్టు చూపిస్తాం, తాత సమాధి చూపిస్తాం.

పుస్తకం గురించి రాసేటప్పుడు మాత్రం ఆ అలవాటు ఎక్కడికో పోతోంది. “తెలుగు కావ్యాలు మనల్ని అవమానించాయి” అనే వాక్యం మన పిల్లలు రాసే వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. ఏ కావ్యం? ఎక్కడ? ఎవరి నోట? ఆ వాక్యం కింద ఏమీ ఉండదు.

మేమూ అలాగే మాట్లాడినవాళ్లమే. కొన్నేళ్ల కింద ఒక సభలో, శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో అడవి మనుషుల్ని తిట్టాడని మాలో ఒకరు అన్నారు. ముందు వరసలోంచి ఒక పెద్దాయన “ఏ ఆశ్వాసం నాయనా? ఏ పద్యం?” అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. అది ఎక్కడో విన్న మాట. తర్వాత టీ తాగుతున్న చోట ఇంకెవరో “వీళ్లకి ఆవేశం తప్ప చదువు లేదు” అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. మేం చెప్పినదాంట్లో విషయం ఉండి కూడా ఆ మాట పడ్డాం.

పుస్తకం తెచ్చుకున్నాం. వేదం వేంకటరాయశాస్త్రి వ్యాఖ్య పక్కన పెట్టుకుని కూర్చున్నాం. పద్యాలు ఒక పట్టాన లొంగలేదు. ఒక్కో పద్యానికి ఒక్కో సాయంత్రం పట్టింది.

అది నాలుగో ఆశ్వాసం. రాజ్యం వదిలిపెట్టి వెళ్లిపోతూ యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెబుతాడు. అక్కడే మా మొదటి తప్పు బయటపడింది. ఆ మాటలు పాత్రవి. కవి స్వయంగా రాజు కాబట్టి, పాత్ర చేత ఇంత రాజనీతి చెప్పించాడు కాబట్టి, వాటిలో కవి ఆలోచన ఉందని వాదించవచ్చు. కానీ వాదించాలి, ఊరికే అనుకోకూడదు. రాయలు అడవి జనం పట్ల నిజంగా ఎలా నడుచుకున్నాడో చెప్పాలంటే ఈ పద్యాలు చాలవు. శాసనాలు చూడాలి. ఆ పద్యంలోని అడవి జనమే నేటి ఫలానా తెగ అనాలన్నా అంతే, ఇంకో సాక్ష్యం కావాలి.

ఇక పద్యంలో ఉన్నది. అడవి జనాన్ని బాగుచేయబోవడం మట్టిగోడను కడగడం లాంటిదట. ఎంత కడిగినా మట్టే, దానికి అంతు ఉండదు. కోపగించి లాభం లేదు, మాట ఇచ్చి, నిలబెట్టుకుని, కలుపుకొమ్మంటాడు. ఎందుకు? దండయాత్రకు పనికొస్తారు, శత్రువు నేలను దోచడానికి పనికొస్తారు. నూరుమంది తప్పు చేస్తే వెయ్యిమందిని దండించడం రాజుకు తగదనీ అంటాడు. మరోచోట కొండవాళ్ల భయం తీర్చి సైన్యంలో చేర్చుకొమ్మని చెబుతాడు.

మట్టిగోడ ఒక్కటే చూపిస్తే “తిట్టాడు” అని గెలవచ్చు. మాట నిలబెట్టుకొమ్మన్నది ఒక్కటే చూపిస్తే “ప్రేమించాడు” అని ఇంకొకరు గెలుస్తారు. నూరు, వెయ్యి మాట మా వాదానికి అడ్డం వస్తుంది. అయినా దాన్ని దాచలేం. అది దయ కావచ్చు, లెక్క కావచ్చు. దానికి ముందే దండయాత్ర మాట ఉంది కాబట్టి మేం లెక్క అనే చదువుతున్నాం. ఈ పద్యాలు మనల్ని ద్వేషించవు, ప్రేమించవు. రాజుకు ఒక చిక్కుగానూ ఒక పనిముట్టుగానూ చూస్తాయి. చెప్పేవాడు రాజు, వినేవాడు కాబోయే రాజు. ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారో వాళ్ల నోట ఈ పద్యాల్లో ఒక్క మాట లేదు. తిట్టు కంటే మాకు ఇదే ఎక్కువ బాధ అనిపించింది. పుస్తకం తెరవకపోతే ఇది మాకు తెలిసేదే కాదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, “కావ్యాలు అవమానించాయి” అని రాయకండి. ఫలానా కావ్యం, ఫలానా ఆశ్వాసం, చెప్పేది ఎవరు, వినేది ఎవరు, ముందు పద్యంలో ఏముంది, ఇవన్నీ రాసి ఆ తర్వాత మీ మాట చెప్పండి. పద్యం సంఖ్యతో పాటు ఏ ప్రతి చూశారో కూడా రాయండి, ముద్రణ మారితే సంఖ్య మారవచ్చు. పంతుళ్లకు ఒక మనవి: పిల్లవాడు “ఈ కథలో అమ్మ మంచిది” అంటే మార్కు వేసి పంపకండి. ఏ వాక్యం చూసి అలా అనిపించిందో వేలు పెట్టి చూపించమనండి.

మన పాటలకూ, కథలకూ పేజీ ఉండదు, అది నిజమే. కానీ చిరునామా ఉంటుంది. ప్రధాన్ కిక్రి వాయిస్తూ చెప్పిన కథను వాడుకుంటే ఆయన పేరు, ఊరు, ఏ పండుగకు చెప్పాడు, ఏ భాషలో చెప్పాడు రాయాలి. “మా పెద్దలు చెప్పారు” అంటే ఎవరూ చెప్పనట్టే. 13వ నియమం కూడా పెద్దల మాటను ఒప్పుకుంది, రాసి ఉంచితేనే.

ఈ వ్యాసం మొదటి ప్రతిని ఆనాటి పెద్దాయనకు పంపాం. లెక్క అన్న మా అన్వయాన్ని ఆయన ఒప్పుకోలేదు. అదే ఆశ్వాసంలో ఇంకో పద్యం చూడమని చీటీ మీద సంఖ్య రాసి పంపారు. ఇప్పుడు దాని మీద కూర్చున్నాం.