క్యాసెట్ తిప్పే పని

ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మేనల్లుడి మెసేజ్: "మావయ్యా, ప్రపంచంలోకెల్లా గొప్ప కచేరీ ఇదే. వినకుండా తిట్టకు." కింద లింకు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బ్యాండ్, 1977 మే 8, కోర్నెల్ యూనివర్సిటీ, బార్టన్ హాల్.

ఒళ్లు మండింది. ఇడ్లీకీ కచేరీకీ ర్యాంకులేమిటని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. రికార్డింగు కచేరీ కాదు, పందిట్లో చెమట కక్కుతూ కూర్చుంటేనే కచేరీ అన్న నా పాత పాట కూడా మీకు కంఠతా వచ్చేసి ఉంటుంది. ఈ టేపు ఎప్పుడో ఓసారి విని పక్కన పడేసిందే. వాడి మీద కోపంతో మళ్లీ పెట్టాను.

మే నెలలో, కోర్నెల్ ఉన్న ఇథాకాలో మంచు పడ్డ రాత్రి అది. బార్టన్ హాలేమో సంగీతానికి కట్టింది కాదు, కవాతుకి కట్టింది. ముందు వరసవాళ్లు నలిగిపోతున్నారు, ఒక్కడుగు వెనక్కి జరగండని బ్యాండ్‌లోని బాబ్ వెయిర్ బతిమాలతాడు. అచ్చం మన తిరునాళ్ల మైకే. రెండో భాగంలో 'స్కార్లెట్ బిగోనియాస్' ఎత్తుకుంటారు. అది ఎప్పుడో 'ఫైర్ ఆన్ ద మౌంటెన్' అయిపోతుంది. రెండూ కలిపి పాతిక నిమిషాల పైమాటే. ఎక్కడ మారిందో రాసుకుందామని పెన్ను పట్టుకుని మూడుసార్లు విన్నాను, మూడు అంకెలొచ్చాయి. ఫిల్ లెష్ బేస్ గుమ్మం దాటేసినా జెర్రీ గార్సియా గిటార్ ఇంకా పాతింటి అరుగు మీద కబుర్లాడుతున్నట్టే ఉంటుంది.

రెండో పాటకి ఉన్నవి రెండే కార్డ్‌లు. స్వరాలు చూస్తే మన హరికాంభోజివే. డ్రమ్స్ వాయించే మికీ హార్ట్ అల్లా రఖా దగ్గర నేర్చుకున్నవాడు. ఈ పాట తొలి రూపం అతను జాకీర్ హుస్సేన్‌తో కలిసి 1976లో తెచ్చిన దిగా రిథమ్ బ్యాండ్ రికార్డులో ఉంది. చుట్టరికం తగలకుండా ఉంటుందా మరి.

అయినా నా వాదన సిద్ధంగానే ఉంది. ఆ నెలలో వాళ్లు బాగా వాయించిన రాత్రులు ఇంకా ఉన్నాయి. దీని పేరే మోగడానికి కారణం దీన్ని రికార్డు చేసిన బెటీ కాంటర్-జాక్సన్. ఆవిడ పట్టిన ధ్వని అంత తేట. ఆవిడ టేపులు గోడౌన్ అద్దె బకాయిపడి 1986లో వేలానికి పోయాయి. నకళ్లకి నకళ్లు పుట్టాయి. ఖాళీ క్యాసెట్లూ తపాలా ఖర్చూ పంపితే అభిమానులు నింపి పంపేవారు, డబ్బు ముట్టేవారు కాదు. ఈ కచేరీ అధికారికంగా విడుదలైంది 2017లో, నలభై ఏళ్లకి. కాబట్టి గొప్పది కచేరీ కాదురా, టేపు అని మేనల్లుడికి టైపు చేస్తూ ఆగిపోయాను.

బాబాయి గుర్తొచ్చాడు. శ్రీరామనవమి పందిరి, చాప మీద టేప్ రికార్డర్, సి-60 క్యాసెట్. అరగంటకోసారి దాన్ని తిప్పే పని పన్నెండేళ్ల నాది. గాయకుడు కల్యాణి అందుకున్నాడు. వడపప్పూ పానకం కడుపులో చల్లగా ఉన్నాయి. టప్‌మని మీట పైకి లేచిన చప్పుడుకి బాబాయి తిరిగి చూసేసరికి నేను చాప అంచు మీద నిద్ర. తట్టి లేపేలోపు ఆలాపన తారస్థాయికి వెళ్లి దిగిపోయింది. బాబాయి పల్లెత్తు మాట అనలేదు. తర్వాత ఎన్నేళ్లో ఆ క్యాసెట్ పెట్టేవాడు. సైడ్ అయిపోగానే "ఇక్కడ మనవాడు పడుకున్నాడు" అని వచ్చినవాళ్లకి చెప్పి, పోయిన ముక్క తనే పాడేవాడు. ఓసారి పాడినట్టు ఇంకోసారి పాడేవాడు కాదు. బాబాయి పోయాక ఆ క్యాసెట్‌లో అక్కడ ఏమీ లేదు.

రికార్డింగుని పాతికేళ్లుగా తిడుతున్నది సంగీతం మీద ప్రేమతోనా, ఆ నిద్రకి సాకు కోసమా? బార్టన్ హాల్లో ఆ రాత్రి బెటీ కునుకు తీయలేదు. వాయించినవాళ్ల పక్కన ఆవిడ పేరు కూడా వేయాల్సిందే. టేపూ కచేరీయే. రాశాను, చెరపను, పాత కాలమ్‌లు తవ్వి ఉత్తరాలు రాయకండి.

టైపు చేసిందంతా కొట్టేసి "బాగుందిరా" అని మాత్రం పంపాను. నిమిషంలో జవాబు: "అయితే మర్నాటిది విను మావయ్యా, మే 9, బఫెలో. ఇంతకంటే గొప్పది."

వీడికి బుద్ధి రాదు. హెడ్‌ఫోన్స్ ఛార్జింగ్‌లో పెట్టాను.